రోగి ప్రక్కన కూర్చుండు విద్య

సూరతు నగరపు దక్షిణభాగమున బమ్రోలి యను ప్రాంతము కలదు. అది మరమగ్గముల సీమ. వాని రొద పగలును రాత్రియు నాగదు. పాలమూరు, నల్లగొండ, వరంగల్లు, కరీంనగరము సీమలనుండి బ్రదుకుతెరువు వెదకుకొనుచు వెళ్ళిన మన నేతపనివారు సూరతులో తరతరములుగా నున్నారు. పండ్రెండు గంటల పాళీ ముగించుకొని వచ్చినవాని చెవిలో, గదికి చేరిన తరువాత గూడ, మగ్గము మ్రోగుచునే యుండును. ఏండ్లు గడచినకొలదియు వినికిడి సన్నగిల్లును. అట్టివాడు ధర్మాసుపత్రికి పోయి వరుసలో నిలుచును. వంతు వచ్చినప్పుడు, వైద్యుడు తల యెత్తక గుజరాతీలోనో హిందీలోనో మెల్లగా పలికిన నాలుగు మాటలు వానికి వినబడవు. వినబడినను సగము తెలియవు. మరల నడుగుటకు సిగ్గు. తల యూపి, చీటి పుచ్చుకొని వచ్చివేయును. మాత్ర యేవేళ వేసికొనవలయునో ప్రక్కగదివాని నడుగును. ఇక్కడ ఔషధమున లోపము లేదు. వైద్యుని చదువునందును లోపము లేదు. మరి లోపించిన దేది?

ఈ నగరముననే యీ ప్రశ్న యొకప్పుడు భయంకర రూపమున నిలిచినది. 1994 సెప్టెంబరులో సూరతునకు ప్లేగు వచ్చెను. కొలది దినములలో లక్షలాది జనులు రైళ్ళను బస్సులను పట్టుకొని స్వస్థలములకు తరలిపోయిరి. సొంత వైద్యశాలలు గల వైద్యులలో పెక్కుమంది తలుపులు మూసి ఊరు విడిచిరి. ప్రభుత్వాసుపత్రి వార్డులలోని వైద్యులు, దాదులు, ఊడ్చువారు నిలిచిరి. యాబదిమందికి పైగా మరణించిరి. పోయినవారిని నిందించుటకు నాకు మన సొప్పదు. భయము దేహధర్మము, వారికిని భార్యాబిడ్డ లుండిరి. కాని పోయినవారును నిలిచినవారును చదివిన గ్రంథము లవియే, వ్రాసిన పరీక్ష లవియే. ఆ గ్రంథములలో లేనిదేదో కొందరిని నిలిపినది.

ఆ దినములలో సూరతు ప్రజలు దుకాణము వెంట దుకాణము తిరిగి వెదకుకొన్న మందు టెట్రాసైక్లిన్. ఆ జాతి మందులలో మొదటిదగు ఆరియోమైసిన్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పుట్టి 1948లో వైద్యలోకమునకు అందినది. దానిని కనుగొన్న డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు పరిశోధించినది మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున. 1895లో భీమవరమున జన్మించిన ఆ మహనీయుడు మద్రాసులో విద్యార్థిగా నున్నప్పుడు రామకృష్ణ సంఘమున చేరి సన్యసింప నెంచెను. తల్లి సమ్మతింపలేదు, వైద్యము చదివెను. సోదరులు స్ప్రూ అను జీర్ణవ్యాధికి బలియైరి. ఆ వ్యాధికి ప్రయోజనకారియగు ఫోలిక్ ఆమ్లమును 1945లో ఆయన బృందమే సంశ్లేషించి తయారుచేసెను. కాషాయము ధరింపలేకపోయిన యొక తెలుగువాని తపస్సు ఈ విధముగ గోళీల రూపమున సూరతు చేరినది. కాని గోళీ తనంతట తాను రోగి నోటిలోనికి పోదు. ఒక చేయి దాని నందింపవలయును.

ఆ చేయి యెట్టిదో చూడగోరువారు ఒక శతాబ్దము వెనుకకు పోవలయును. 1898లో కలకత్తాకు ప్లేగు వచ్చినప్పుడు, సేవకు ధనము చాలనిచో నూతనముగ కొన్న మఠపు భూమినైనను అమ్మివేయుద మని స్వామి వివేకానందులు సిద్ధపడిరి. మరుసటి యేట వ్యాధి తిరిగి వచ్చెను. డాక్టరు రాధాగోవింద కర్ ఒకనాటి మిట్టమధ్యాహ్నము రోగులను చూచి ఇంటికి వచ్చుసరికి వాకిట నొక యూరోపీయ వనిత కూర్చుండి యుండెను. ఆమె సోదరి నివేదిత. బాగ్‌బజారు పేటలోని గుడిసెలో ప్లేగు సోకిన బిడ్డ స్థితి యెట్లున్నదని అడుగ వచ్చెను. ఆశ లేదని చెప్పి, జాగ్రత్త వహింపుమని ఆయన హెచ్చరించెను. సాయంకాలము తాను వెళ్ళి చూడగా, ఆ తేమ గుడిసెలో తల్లి లేని ఆ బిడ్డ ఆమె యొడిలోనే యుండెను. గోడలకు సున్నము వేయవలసిరాగా నిచ్చెన వేసికొని తానే వేసినది. బిడ్డ బ్రదుకదని తెలిసిన తరువాతను ఆమె శుశ్రూష కొంచెమైనను సడలలేదు. రెండుదినములకు బిడ్డ ఆమె చేతులలోనే కన్ను మూసెను. ఈ సంగతిని లోకమునకు చెప్పినది ఆ వైద్యుడే. తనకు తెలియని వైద్య మొకటి అచ్చట జరుగుచున్నదని ఆయన గుర్తించె ననుకొందును.

దీనికి మూలము 1884లో దక్షిణేశ్వరమున పడినది. జీవులయెడ దయ యను వైష్ణవధర్మమును గూర్చి ప్రసంగము జరుగుచుండగా శ్రీరామకృష్ణులు భావావేశమున, దయ చూపుటకు నీ వెవడవు, జీవుని శివునిగా నెరిగి సేవింపవలయును అను నర్థము వచ్చునట్లు పలికిరి. దయ పై మెట్టునుండి క్రిందికి చూచును. సేవ యెదుట నిలిచి చూచును. వార్డులో రోగిని "పదునారవ మంచము" అని పిలుచు వాడుక యెంత సామాన్యమో వైద్యవిద్యార్థు లెరుగుదురు. పదునారవ మంచముమీద దయ చూపవచ్చును గాని, దానికి నమస్కరింప లేము.

మన దేశపు వైద్యవిద్యాధికారులు ఈ లోపమును గుర్తింపకపోలేదు. వైఖరి, నీతి, సంభాషణము అను మూడింటిని బోధించు పాఠ్యప్రణాళికను భారత వైద్యమండలి 2018లో ప్రకటించెను. 2019లో చేరిన విద్యార్థులనుండి అది అమలులోనికి వచ్చినది. వైద్యుడై యుండుట యన నేమి, రోగియై యుండుట యన నేమి అనునవి అందలి మొదటి పాఠములు. కోతబల్లమీది శవమును ప్రథమగురువుగా భావింపుమను పాఠము గూడ కలదు. మంచిదే. కాని కరుణకు మార్కులు వేసినచో మార్కులకొరకు కరుణ నటించువారు బయలుదేరుదురేమో యని నా భయము. విద్యార్థి పాఠము వినును గాని ఆచార్యుని చూచి నేర్చుకొనును. పరీక్షించుటకు ముందు తెర లాగుట, పరీక్ష ముగియగానే వస్త్రము సరిచేయుట, ముసలమ్మను "అమ్మా" యని పిలుచుట, ఇవి యొకరు చేయగా చూచినగాని రావు. మరియు నొకటి: కరుణ నడుగువారు దానిని ఇయ్యవలయును గదా! డాక్టరు కర్ పేరుగల కలకత్తా కళాశాలలోనే 2024 ఆగస్టులో విధినిర్వహణమున నున్న యొక యువవైద్యురాలు అత్యాచారమునకు గురియై హత్యగావింపబడినది. ముప్పదియారు గంటలు నిద్ర లేక నిలిచిన బిడ్డను మృదువుగా మాటలాడు మనుటకు మనకును కొంత అర్హత యుండవలయును.

బమ్రోలి పనివానికి ఏమి చేయవలయును? గొప్ప త్యాగ మక్కరలేదు. తల యెత్తి ముఖము చూచిన చాలును, వినబడుట లేదని తెలియును. కొంచెము బిగ్గరగా చెప్పి, చెప్పినదానిని వానిచేతనే తిరిగి చెప్పింపవచ్చును. రాత్రి భోజనానంతరము ఒక మాత్ర యని చీటిలో నున్నది. అతడు రాత్రిపాళీవాడు. రాత్రి తినునది ఏమియో, ఎప్పుడో, మగ్గము ప్రక్కన నిలుచుండియో, చీటి కేమి తెలియును? నిద్రించునది పగలు. ఈ సంగతి అడిగినగాని తెలియదు. ఏ విద్యార్థియో కుర్చీ దగ్గరకు లాగుకొని, "మీరు పడుకొను వేళ యేది?" యని యడిగినప్పుడు, వ్రాసిన చీటిని కొట్టివేసి మరల వ్రాయవలసి వచ్చును.