బదరీవృక్షము క్రింద

పఠనము: 1 రాజులు 19:1–18

కర్మెలు పర్వతముమీద ఆకాశమునుండి అగ్ని దిగుట చూచిన ప్రవక్త, కొద్ది దినములలోనే అరణ్యమందు ఒక బదరీవృక్షము క్రింద కూర్చుండి, తన ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనెను. ఏలీయా విశ్వాసహీనుడు కాడు. ప్రార్థన మానినవాడును కాడు. తన మరణాపేక్షను సహితము దేవునితోనే చెప్పుకొనెను. అట్టి భక్తుడు ఇంతగా క్రుంగిపోవుటకు కారణమేమి?

లేఖనము ఒకటి కాదు, అనేక కారణములను చూపుచున్నది.

మొదటిది దేహము యొక్క అలసట. బయలు ప్రవక్తలు 450 మంది ఎదుట ఒంటరిగా నిలిచిన దినముననే, అతడు అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలువరకు పరుగెత్తెను. అక్కడనుండి బెయేర్షెబా దాదాపు 150 కిలోమీటర్లు. దానికి ఆవల అరణ్యములో మరియొక దినప్రయాణము.

రెండవది భయము, దానితోకూడ ఆశాభంగము. కర్మెలు జయము తరువాత రాజగృహము దేవునితట్టు తిరుగునని అతడు ఎదురుచూచియుండవచ్చును. వచ్చినదేమనగా, మరునాటికి అతని చంపింతునని యెజెబెలు పంపిన వర్తమానము.

మూడవది ఒంటరితనము. అతడు తన దాసుని బెయేర్షెబాలో విడిచి వెళ్లెను.

నాల్గవది తప్పు లెక్క. తానొక్కడే మిగిలితినని అతడు చెప్పెను. దేవుని లెక్కలో 7,000 మంది ఉండిరి. క్రుంగినవాడు అబద్ధమాడుట లేదు. ఉన్నదానిని చూచు శక్తి అతని కన్నులకు తగ్గిపోయినది.

ఇట్టి అనుభవము ఆ కాలముతో ముగియలేదు. 1856 అక్టోబరు 19న లండను నగరమందు చార్లెస్ స్పర్జన్ ప్రసంగించుచున్న సభలో, ఎవరో అగ్ని అని అబద్ధముగా కేకవేయగా, జనులు త్రొక్కిసలాడి ఏడుగురు మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరములు. ఆ గాయమునకు తరువాత కీళ్లవాతపు బాధయు తోడై, 1892లో మరణించువరకు ఆయనను క్రుంగుదల మరల మరల పట్టుచుండెను. ఆయన దానిని దాచలేదు. దేహరోగము, అధికశ్రమ, గొప్ప జయము తరువాతి అలసట దైవసేవకులనుకూడ క్రుంగదీయునని తన విద్యార్థులకు బోధించెను.

నేటి వైద్యులు మరికొన్ని కారణములు ఎరుగుదురు: వంశపారంపర్యము, థైరాయిడ్ గ్రంథి లోపము, ప్రసవానంతర మార్పులు, దీర్ఘవ్యాధులు, కొన్ని మందులు, మద్యపానము, ఆప్తుల మరణము. దాచిన పాపము సహితము కారణము కావచ్చును; 32వ కీర్తన అందుకు సాక్ష్యము. అయితే అదియే కారణమని ముందుగా తీర్పుతీర్చిన యోబు స్నేహితులు దేవునిచేత గద్దింపబడిరి.

ఈ భేదము తెలియనందున కలుగు హాని చిన్నది కాదు. ప్రసవమైన కొన్ని వారములకు ఒక తల్లి నిద్ర లేక, ఆకలి లేక, బిడ్డను ఎత్తుకొనుటకైన మనస్సు లేక ఏడ్చుచుండును. చూడవచ్చిన సంఘపెద్దలు, “విశ్వాసము చాలదమ్మా, ఉపవాసముండి ప్రార్థించుము” అని చెప్పి వెళ్లుదురు. ఆమె అప్పటికే భోజనము మానియున్నదని వారు అడిగి తెలిసికొనరు. పూర్వపు దుఃఖమునకు అపరాధభావమొకటి అదనముగా చేరును.

దేవుడు ఏలీయాయెడల చేసినది వేరు. ఆయన గద్దింపలేదు. ముందు నిద్రపోనిచ్చెను. దూత అతని తట్టి, నిప్పులమీద కాల్చిన అప్పమును నీళ్లును చూపెను. అతడు తిని మరల పండుకొనగా, దూత రెండవమారు వచ్చి, ప్రయాణము అతని శక్తికి మించినదని చెప్పి భోజనము పెట్టెను. హోరేబులో ప్రశ్న, మెల్లని స్వరము, అప్పగింపబడిన పని, తోడుగా ఎలీషా, ఇవన్నియు ఆ తరువాతివే.

కావున క్రుంగినవాని యింటికి వెళ్లువారు మొదట నిద్రను, ఆహారమును, దేహస్థితిని విచారింతురు గాక. వాక్యముతోకూడ వైద్యునియొద్దకును తోడుకొనిపోవుదురు గాక. మరణాపేక్ష మాట వినబడినయెడల దానిని తేలికగా కొట్టివేయక, ఆ మనిషిని ఒంటరిగా విడువకుందురు గాక. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యలో ఫోను చేసినచో తెలుగులోను ఉచితముగా సహాయము దొరకును.

ధ్యానాంశము: చావగోరిన సేవకుని దేవుడు త్రోసివేయలేదు, అతనికి ఇంకను చేయవలసిన పని ఉన్నదని చెప్పి పంపెను.