చెరువు అందరిది, అద్దె ఎవరిది?

ఇల్లు అద్దెకిచ్చేవాడు నిజానికి దేనిని అద్దెకిస్తున్నాడు? మహానగరంలో ఈ ప్రశ్నకు జవాబు చిక్కుపడి వుంటుంది. చెరువునానుకొని బతికే చిన్న వూళ్ళో తేటగా కనిపిస్తుంది. ఉపాధ్యాయవృత్తిలో కొన్నేళ్ళు కడప జిల్లా పోరుమామిళ్ళలో అద్దె ఇంట కాపురమున్నాను గనుక ఆ వూరినే ఉదాహరణగా తీసుకుంటాను.

ఇంటి కోసం తిరిగేవాడు అక్కడ గోడలూ కప్పూ చూడకముందే, 'ఎండాకాలం నీళ్ళుంటాయా?' అని అడుగుతాడు. ఒకే కొలత, ఒకే కట్టుబడి గల రెండిళ్ళలో నీళ్ళున్న ఇంటికి అద్దె ఎక్కువ. ఈ ఎక్కువ భాగం ఇటుకకు చెందినది కాదు, మరమ్మతు ఖర్చుకూ చెందినది కాదు. చెరువు నిండితే భూమిలో పెరిగే ఊటకు చెందినది.

మరి చెరువు ఎవరు కట్టారు? అనంతరాజసాగరమనే ఈ చెరువును మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించినట్లు 1369 నాటి శాసనం చెబుతుంది. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ కాలం పట్టిందని కూడా అదే చెబుతుంది. కూలీల లెక్క వున్నది, పేర్లు లేవు. ఆరున్నర శతాబ్దాల తర్వాత ఆ పేరులేని శ్రమ ఎవరి జేబులోనో నెల నెలా అద్దెగా పడుతున్నది. ఇంటిమీద పెట్టిన పెట్టుబడికి వచ్చే వడ్డీ వేరు, స్థలానికి వచ్చే కౌలు వేరు అని మార్క్సు 'పెట్టుబడి' మూడవ సంపుటం (1894)లో చూపినది ఇందుకే. మొదటిదానికి యజమాని ఏదో కొంత ఖర్చు చేశాడు. రెండవదానికి అతడు చేసినది ఏమీ లేదు.

యజమాని కూడా పేదవాడు కావచ్చు గదా, ఒక గది అద్దెతో గడుపుకునే వితంతువు సంగతేమిటి అని కొందరు అడుగుతారు. న్యాయమైన ఆక్షేపణే. కాని మనం తూచుతున్నది ఆమె మంచితనాన్ని కాదు, ఒక సంబంధాన్ని. ముసలితనంలో ఆమె బతుకు కిరాయిదారు జీతంపై ఆధారపడవలసి రావడం కూడా ఆ సంబంధంలోని అన్యాయమే.

అయితే డబ్బుతో ముగిసిపోయే సంగతి కాదిది. అద్దె ఎంత అన్న మాటకు ముందు, 'మీరెవరు సార్?' అన్న మాట వస్తుంది. అడిగేది పేరు కాదు, కులం. నాతో సమానమైన జీతం తెచ్చుకునే దళిత ఉపాధ్యాయుడు వెళితే, పొద్దున ఖాళీగా వున్న ఇల్లు సాయంత్రానికి 'ఇప్పుడే వేరేవాళ్ళకు మాటిచ్చాం' అవుతుంది. మార్కెట్టుకు కులం లేదని చెప్పేవారు ఈ గడప దగ్గర నిలబడి చూడాలి.

1927లో అంబేద్కర్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళకోసం పోరాడాడు. ప్రభుత్వ ధనంతో నడిచే బావులూ చెరువులూ వాడుకోకుండా కులం పేరిట ఎవరినీ అడ్డగించరాదని రాజ్యాంగం 15వ అధికరణం శాసించింది. అస్పృశ్యత పేరిట నివాసానికి అడ్డుపడడాన్ని కూడా 1955 నాటి చట్టం నేరంగా చేసింది. కాని నవ్వుతూ చెప్పే అబద్ధానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఆ విధంగా చట్టం చెరువుగట్టు దాకా వచ్చి, ఇంటి గుమ్మం ముందు తడబడుతున్నది.

'నా ఇల్లు, నా ఇష్టం' అనేదే చివరి వాదన. ఇంటి విలువలో కొంత సమష్టి శ్రమ ఫలితమైనప్పుడు, ఆ ఇష్టం సంపూర్ణమైన హక్కు కాజాలదు. స్థలంవల్ల పెరిగిన అద్దెలో కొంత పన్నుగా తిరిగి చెరువు పూడికతీతకు చేరాలి. అవసరాన్ని బట్టి, కులం అడగకుండా అద్దెకిచ్చే ఇళ్ళు ప్రభుత్వమే కట్టాలి. ఇవి పెద్ద విప్లవాలేమీ కావు, కనీస న్యాయాలు.

జీతగాళ్ళమైన మనం అద్దె తగ్గించమని ఉత్సాహంగానే పోట్లాడతాం. అదే వీధిలో ఇల్లు దొరకని సహోద్యోగి పక్షాన నోరు విప్పకపోతే మాత్రం మనం చేసింది పోరాటం కాదు, బేరం.