అడగకుండా దొరికిన మోటుపల్లి

తెలుగు వికీపీడియాలో ‘యాదృచ్ఛిక పేజీ’ అని ఒక లింకు ఉంటుంది. చాలామంది దాని జోలికి పోరు. ఒకసారి నొక్కినవాళ్లకు మాత్రం చేయి ఊరుకోదు. హనుమకొండలో రాత్రి భోజనమయ్యాక ఫోను పట్టుకుని కూర్చున్న మనిషికి ఆ లింకు ఎక్కువగా చూపించేది ఏదో ఒక ఊరిని. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞానసర్వస్వంలో ఊళ్ల పేజీలు వేలకు వేలు. వాటిలో చాలావాటిని 2011 జనగణన లెక్కలతో నింపారు. ఇళ్లెన్ని, మండల కేంద్రం ఎంత దూరం, పోస్టాఫీసు ఊళ్లోనే ఉందా, బంజరు ఎన్ని హెక్టార్లు, బావుల కింద సాగెంత, చెరువు కింద ఎంత.

మొదట్లో అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. నాలుగైదు చదివాక చూపు మారుతుంది. బావులు, బోర్ల కింద వందల హెక్టార్లు పారుతున్న ఊళ్లో చెరువు కింద సాగు లేదని ఉంటే, మరి ఆ చెరువు ఏమైనట్టు? గొలుసుకట్టు చెరువుల నేల మీద పెరిగినవాళ్లు ఆ లెక్కను చూసీ చూడనట్టు దాటిపోలేరు.

అలా తగిలే ఊళ్లలో మోటుపల్లి ఒకటి కావచ్చు. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె అది. అక్కడి వీరభద్రస్వామి గుడిలో ఒక శాసనం ఉంది. 1244 నాటిది, వేయించినవాడు ఓరుగల్లు నుంచి ఏలిన గణపతిదేవుడు. అంతకుముందు రాజులు గాలివానకు దారితప్పి, దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా బలవంతంగా లాక్కునేవారు. సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల దగ్గర ఇకపై నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని గణపతిదేవుడు రాతి మీద మాటిచ్చాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా అందులోనే ఉంది: చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు. సముద్రానికి ఎంతో దూరాన, రాతికోటలో కూర్చున్న రాజుకు నడిసంద్రంలో ఓడ పోగొట్టుకున్నవాడి గోడు పట్టింది.

హనుమకొండ కోచింగ్ సెంటర్లలో మోటుపల్లి శాసనం ఒక బిట్టు. రాజు పేరు, సంవత్సరం, ఒక మార్కు. ఆ బిట్టు బట్టీపట్టిన కుర్రాడికే ఎనిమిదేళ్ల తర్వాత ఏ పరీక్షా లేని రాత్రి ఆ సరుకుల జాబితా ఎదురైతే, పన్నీరు దగ్గర ఆగుతాడు. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు కొన్నారు? వెతుకుడు పెట్టెలో మనిషి రాసేది తనకు సగం తెలిసిన సంగతే. ఓడ పగిలిన వర్తకుడి గురించి వేయిస్తంభాల గుడి వీధిలో ఎవరూ వెతకరు. వెతకడానికి అలాంటిది ఒకటుందని తెలియాలి కదా.

వెతక్కుండానే ఎదురయ్యే ఈ రకం చదువు కంప్యూటర్లతో రాలేదు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన రోజుల్లో, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు ఆ తర్వాత కొన్నేళ్లకే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నాడు. 1923లో ఆయన కన్నుమూసేనాటికి మూడు సంపుటాలే వచ్చాయి, అక్షరమాలలో మొదటి అచ్చులు దాటలేదు. అకారాది క్రమంలో ఉన్న పుస్తకంలో ఒక దానికోసం పుట తిప్పితే, దానితో ఏ చుట్టరికమూ లేని మరొకటి పక్కనే కనబడుతుంది. ఒక తరం మొత్తానికి ఆ భాగ్యం ‘అ’, ‘ఆ’ల దగ్గరే ఆగిపోవడం తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

వికీపీడియా లింకు వెనక జరిగేది ఇంకా చిత్రం. పేజీ పుట్టినప్పుడే సాఫ్ట్‌వేరు దానికి సున్నాకూ ఒకటికీ మధ్య ఒక దశాంశ సంఖ్య వేస్తుంది. లింకు నొక్కిన ప్రతిసారీ అప్పటికప్పుడు మరో సంఖ్య పుడుతుంది. దానికి సరిగ్గా పైనున్న సంఖ్య ఏ పేజీదో ఆ పేజీ తెరుచుకుంటుంది. కాబట్టి అవకాశం అందరికీ సమానం కాదు. తన సంఖ్యకూ కింది సంఖ్యకూ మధ్య ఖాళీ ఎక్కువున్న పేజీ మాటిమాటికీ ఎదురవుతుంది. ఆ ఖాళీ వెంట్రుకవాసి మాత్రమే ఉన్న ఊరు ఎన్ని వందలసార్లు నొక్కినా రాకపోవచ్చు, ఆ ఊళ్లో ఎంత గొప్ప శాసనమున్నా సరే.

అలాంటి పేజీని అదృష్టానికి వదిలేయడం అన్యాయం. దానికి మరో పేజీ నుంచి దారి వేయాలి, ఆ పని మనుషులే చేయాలి. మోటుపల్లి నుంచి గణపతిదేవుడికి, అక్కడి నుంచి ఆయన కాలంలో పాకాల చెరువు కట్టించిన జగదాళ ముమ్మడికి, అక్కడి నుంచి ఆ నీళ్లు ఇప్పటికీ పారుతున్న ఊళ్లకు. ఆ ఊళ్ల తూములు, మత్తళ్లు ఎక్కడున్నాయో జనగణన పట్టికలు చెప్పవు. పాకాల కింద సేద్యం చేసే రైతులకు తెలుసు. వాళ్లను అడిగి రాసేవాళ్లు వరంగల్, హనుమకొండ కాలేజీల్లో కావలసినంత మంది ఉన్నారు.