దేవత వాటా ఎవరిది?

ఫ్రాన్సులోని కోన్యాక్ ప్రాంతంలో పాత గిడ్డంగుల గోడలు నల్లబడి కనిపిస్తాయి. ఓక్ పీపాల్లోంచి ఏడాదికి సుమారు 2 శాతం మద్యం ఆవిరైపోతుంది. ఆ ఆవిరి మీద బతికే బూజే గోడల నలుపు. అలా పోయినదాన్ని అక్కడివాళ్లు దేవదూతల వాటా అంటారు. బ్రెన్ అనే ఫ్రెంచి సింగిల్ మాల్ట్ విస్కీ కూడా చివర్లో కోన్యాక్ మగ్గిన పీపాల్లోనే మగ్గుతుంది. చెక్కలో ఇంకిన ద్రాక్ష సారం బార్లీ మద్యానికి పండ్ల తీపిని అద్దుతుంది.

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో దేవత వాటా మరోలా చేరుతుంది. బోనాలనాడు పోచమ్మ ముందు కల్లు సాక పోస్తారు. మోకు, ముస్తాదు కట్టి గౌడ్ చెట్టెక్కి దించిన లొట్టిలోది అది. ఏళ్లతరబడి మగ్గాల్సిన పనిలేదు, ఈస్టు చేరితే తీయటి నీరా గంటల్లోనే పులుస్తుంది.

మత్తెక్కించేది దేవతకు తగునా?

బుద్ధుడి పంచశీలలో ఐదోది మద్యాన్ని వద్దంటుంది. ఏమరుపాటుకు దారితీస్తుందన్నదే అందుకు కారణం. క్రైస్తవ బలిపీఠం మీద మాత్రం ద్రాక్షసారాయి పవిత్రం. అంటే పవిత్రత ద్రవంలో లేదు, ఇవ్వడంలో ఉంది. దేవదూతల వాటాను ఎవరూ ఇవ్వరు, అదే పోతుంది. సాకను మనిషి తన చేత్తో వదులుకుంటాడు. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు. భక్తులు కోరికతో 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేస్తారు. అక్కడ సమర్పించేది సొంత కాళ్ల శ్రమ.

మరి సాక పోస్తే లొట్టిలో మిగిలినదంతా ప్రసాదమవుతుందా? కాదు. ఎందుకు కాదో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లోనే చూపించారు. కూలి డబ్బు ఇల్లు చేరకముందే సారా దుకాణానికి పోతుంటే వాళ్లు ఎదురుతిరిగారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలింది.

వాళ్ల పోరాటం దేవత మీద కాదు, పిల్లల కంచం కోసం. ఆ కంచంలోని అన్నం తాగేవాడి సొత్తు కాదు. తనది కానిదాన్ని ఎవరూ నివేదించలేరు. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో ఫ్రెంచి సీసా తెరిచేవారికైనా, చేవెళ్లలో కల్లు దుకాణం ముందు కూర్చున్నవారికైనా ఈ లెక్క ఒకటే: తాగడానికి ముందు ఇంటివాళ్ల వాటా ఇంటికి చేరిందా అన్నది చూసుకోవాలి. చేరకపోతే అమ్మవారికి పోసిన సాక కూడా వాళ్ల దగ్గర లాక్కున్నదే.