మీ బాధ మాకర్థమవుతోంది

ఈ వాక్యాన్ని మేం కొన్ని వందల సార్లు బట్టీ పట్టాం. మదర్సాలో అరబీ అర్థం తెలీకుండా బట్టీ పట్టిన నోళ్ళతోనే, ఎంసెట్ కోసం సూత్రాలు బట్టీ పట్టిన నోళ్ళతోనే దీన్నీ ఇంగ్లీషులో బట్టీ పట్టాం. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి, ఎప్పుడు కాస్త ముందుకు వంగాలి, కాగితపు రుమాళ్ళ డబ్బా ఎప్పుడు జరపాలి, అన్నీ నేర్చుకున్నాం. దుఃఖంలో ఉన్న మనిషి ముందు ఎలా కూర్చోవాలో నేర్పే పరీక్ష ఒకటుంది. దానికోసమే ఇదంతా.

మేం నలుగురం. నల్గొండ దర్జీ కొడుకు ఒకడు. కడప లారీ మెకానిక్ కూతురు ఒకామె. గుంటూరు మిర్చియార్డు హమాలీ కొడుకు ఒకడు. నాలుగోవాడు దూదేకులాయన బిడ్డ. మొదటి ముగ్గురి ఇళ్ళల్లో నాలుగోవాడికి పిల్లనివ్వరు. ఆ సిగ్గు గురించి వేరే రాయాలి. 'మేం' అనే మాట మాకంత తేలిక కాదని మాత్రం చెప్పి ముందుకుపోతాం.

ఇంగ్లండులో మానసిక వైద్యుడిగా పై మెట్టు ఎక్కాలంటే అక్కడి రాయల్ కాలేజీ పెట్టే 'కాస్క్' పరీక్ష దాటాలి. 2008 నుంచి ఉందిది. మొత్తం 16 స్టేషన్లు. ఒక్కోదాంట్లో 7 నిమిషాలు. తలుపు బయట కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఉంటాయి: ఈమె వయసింత, బిడ్డ పుట్టి ఆరు వారాలు, భర్త భయపడుతున్నాడు, మాట్లాడి ప్రమాదం అంచనా వెయ్యి. లోపలికెళితే ఆమె కూర్చుని ఉంటుంది. ఏడుస్తుంది కూడా. కానీ ఆమె రోగి కాదు, నటి. మూలన కూర్చున్నాయన మార్కులేస్తుంటాడు. గంట మోగుతుంది. ఆమె కళ్ళు తుడుచుకుని తర్వాత వచ్చేవాడి కోసం మళ్ళీ అదే దుఃఖం మొదలుపెడుతుంది.

ఇది ఎవరో వేళాకోళానికి పెట్టింది కాదు. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు, ఆరోగ్యంగా ఉన్న మనిషికి జబ్బు లక్షణాలు నేర్పి విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. 1975లో స్కాట్లండులోని డండీలో రొనాల్డ్ హార్డెన్, విద్యార్థులందరూ ఒకే రకం గదుల్లోంచి ఒకే కొలతతో నడిచిపోయే పరీక్ష పద్ధతిని లోకానికి చెప్పాడు. దీని వెనక న్యాయం ఉంది. ఒకడికి తేలిక రోగి, ఇంకొకడికి కష్టమైన రోగి వచ్చే అదృష్టం ఆట పోయింది. నిజమైన రోగిని పదిమంది విద్యార్థుల ముందు పదిసార్లు ఏడిపించే పాపమూ తగ్గింది. మన పెద్దాసుపత్రుల్లో మంచం చుట్టూ మూగి 'చెప్పమ్మా, మళ్ళీ చెప్పు' అన్న రోజులు మాకు గుర్తే.

అయినా ఒక ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. డ్యూటీలు దిగాక రాత్రిళ్ళు ఒక వంటింట్లో చేరేవాళ్ళం. ఒకరు రోగి, ఒకరు డాక్టరు, ఒకరు ఎగ్జామినరు, మిగిలినవాళ్ళు చాయ్ పెట్టాలి. ఫోన్లో 7 నిమిషాల అలారం. ఒక రాత్రి మెకానిక్ కూతురు అడిగేసింది: 'మనసులో లేని జాలి ముఖానికి పులుముకుంటే మా ఇంట్లో మునాఫిక్ అంటారు. మనం చేసేదేంది?'

మా ఇళ్ళల్లో అది చాలా పెద్ద తిట్టు. లోపలొకటి, బయటొకటి ఉన్నవాడు. నమాజుకు నిలబడేముందు కూడా నియ్యత్ చేసుకునే మనుషులం. నియ్యత్ లేని సానుభూతి ఏమవుతుంది?

హమాలీ కొడుకు చెప్పిన జవాబు కొంతదూరం నిలబడింది. వాళ్ళ నానీ వాడలో చనిపోయిన ఆడవాళ్ళకు ఘుస్ల్ ఇచ్చేది. ఎవరి మయ్యత్‌కైనా ఒకే వరస, ఒకే మెల్లదనం, గోరువెచ్చని నీళ్ళు. ప్రతిసారీ ఏడ్చేది కాదు. కొందరంటే ఆమెకు పడేది కూడా కాదు. అయినా ఆ చేతులు అబద్ధమాడలేదు. నేర్చుకున్నంత మాత్రాన ఏదీ దొంగది కాదు. మనసు రావడం ఆలస్యమైన రోజున కూడా ఎదుటివాడికి అన్యాయం జరక్కుండా కాపాడేదే అదబ్.

ఆ జవాబు ఎక్కడ విరిగిందో చెప్పాలి.

ఇంకో రాత్రి దర్జీ కొడుకు రోగిగా కూర్చున్నాడు. కాగితం మీద ఉన్న కథ, ఉద్యోగం పోయిన తండ్రిది. రెండు నిమిషాలు బాగానే సాగింది. తర్వాత వాడు కాగితం వదిలేశాడు. ఏదో ఊళ్ళో బాంబు పేలితే ఇంకో ఊళ్ళో తన పెద్దకొడుకును పట్టుకుపోయారన్నాడు. పదకొండు రోజులకు వదిలేశారన్నాడు. అప్పట్నుంచి దుకాణం తియ్యలేదని, మిషను మీద గుడ్డ కప్పి దాని ముందే కూర్చుంటున్నానని అన్నాడు. వాడు మాట్లాడుతున్నది వాళ్ళ అబ్బాలాగా. మేం ఎంబీబీఎస్ చదివే రోజుల్లో జరిగిందది. మాకెవరికీ తెలీదు.

డాక్టరుగా కూర్చున్నవాడు ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు. 'మీ బాధ నాకర్థమవుతోంది' అన్నాడు.

'నీకేం అర్థమైందిరా?' అన్నాడు వాడు. అలారం మోగింది.

ఆ రాత్రి మాకు తెలిసింది: తప్పు వాక్యం బట్టీదవడంలో లేదు. ఆ వాక్యం తలుపేసింది. అక్కడ అడగాల్సింది ఉంది: ఆ పదకొండు రోజులూ ఏం చేశారు, ఎవరైనా వచ్చి పలకరించారా, బతకొద్దనిపించిందా? సానుభూతి నిజమా నటనా అని తేల్చేది కన్నీరు కాదు. మన తర్వాతి ప్రశ్న ఎదుటివాడి జవాబులోంచి పుట్టిందా, మన కాగితంలోంచి పుట్టిందా అన్నదే.

పరీక్షకు కూర్చోవడం మాకేమీ కొత్త కాదు. అద్దె ఇంటి ముందు పేరు చెప్పినప్పుడు పరీక్ష. క్రికెట్ ఉన్న రోజున పరీక్ష. ఎక్కడ పేలినా 'మీరు ఖండించారా?' అని మా దుఃఖానికి మార్కులేసే పరీక్ష. అక్కడ మాక్కూడా స్క్రిప్టుంటుంది: మంచి ముస్లిం ఏమనాలో అది. నిజంగా కుమిలిపోయినా సరే, చెప్పిన గొంతులో చెప్పకపోతే లెక్కలోకి రాదు. వైద్యుల పరీక్షల్లోనూ ఈ తగాదా ఉంది. కుటుంబ వైద్యుల కోసం పెట్టే ఇలాంటి పరీక్షలోనే విదేశాల్లో చదివినవాళ్ళు చాలా ఎక్కువగా తప్పుతున్నారని బ్రిటన్‌లోని భారతీయ సంతతి వైద్యుల సంఘం లండన్ హైకోర్టుకెళ్ళింది. పరీక్ష చట్టవిరుద్ధం కాదని 2014లో తీర్పొచ్చింది. తీర్పును గౌరవిద్దాం. కానీ 'అయ్యో' అనే మా మాటకు అక్కడ మార్కుందో లేదో ఏ తీర్పూ చెప్పలేదు.

ఇంతవరకూ మా గాయం. మా తప్పు కూడా రాయకపోతే ఇది ఇంకో నటనే అవుతుంది.

మా పుస్తకాల్లో భ్రాంతికి నిర్వచనం ఉంది: తప్పని రుజువు చూపినా కదలని నమ్మకం, పైగా ఆ మనిషి పెరిగిన సంస్కృతికి కూడా పొసగనిది. ఈ రెండో ముక్క చాలా పెద్దది. 'జిన్ పట్టింది' అన్న మనిషికి జబ్బా, లేక వాళ్ళ నానీ మాటే చెబుతున్నాడా? ప్రాక్టీసులో ఆ స్టేషన్ వచ్చినప్పుడల్లా 'ఇది మా కల్చర్' అని మేం తేలిగ్గా దాటేసేవాళ్ళం. 2001 ఆగస్టు 6న తమిళనాడులో, ఏర్వాడి దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు గృహాల్లో ఒకటి తగలబడింది. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మతి చెదిరినవాళ్ళను ఎంత బాగా చూశారో మేం గొప్పగా చెప్పుకుంటాం. ఏర్వాడి గురించి చెప్పుకోం.

సెక్యులర్ మిత్రులు 'మూఢనమ్మకం' అని ఒక్క మాటతో లేచిపోతారు. అదీ బట్టీ వాక్యమే, అదీ తలుపేసేదే. దర్జీ తండ్రిని దర్గాకే తీసుకెళ్ళారు, పిచ్చాసుపత్రికి కాదు. ఎందుకని? అక్కడ పేరడిగి వెనక్కి పంపరు. చెట్టు కింద ఎన్ని రోజులైనా ఉండనిస్తారు. అది మందు కాదు, మాకు తెలుసు. మందు దొరికే చోట ఆ చెట్టు నీడెందుకు లేదన్నది మీరూ మేమూ కలిసి అడగాల్సిన ప్రశ్న.

మా పాఠాల్లో ముఖ్యమైందొకటుంది: చావాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. నేరుగా అడగాలి. దర్జీ కొడుకు ఆ ప్రశ్నను ముక్కూ ముఖం తెలీని నటుల ముందు ఎన్నోసార్లు తడబడకుండా అడిగాడు. తండ్రిని మాత్రం అడగలేదు. ఖుద్‌కుషీ హరామ్ అని అందరికీ తెలిసిన ఇంట్లో ఆ మాట ఎత్తడమే గునాహ్ అనిపించింది.

ఒక ఆదివారం ఫోన్లో అడిగాడు. ఇంగ్లీషులోనూ కాదు, తెలుగులోనూ కాదు. 'అబ్బా, ఉస్ వఖత్ జీనాచ్ నక్కో లగా క్యా?' అప్పుడు బతకడమే వద్దనిపించిందా?

చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆ ముసలాయన అన్నాడు: 'లగా బేటా. కోన్ పూఛా?'

అనిపించింది బేటా. ఎవరడిగారు?

కూలి తీసుకుని ఏడ్చే నటుల దగ్గర నేర్చుకున్న ప్రశ్న అది. అందుకే ఆ నటనను ఇక అబద్ధమనలేం. కానీ గది దాటి ఇంటిదాకా రాని సానుభూతిని నిజమనీ అనలేం. మీరు కూడా మా గురించి చాలా వాక్యాలు నేర్చుకుని ఉన్నారు, కొన్ని మంచివే. వాటిని కాసేపు పక్కనపెట్టి అడగండి. మేమూ ముందు మా ఇళ్ళల్లో అడగడం మొదలుపెడతాం.