అప్పుల్లేని వారసత్వం

చూపు గురించి స్త్రీవాదులు చాలా రాశారు. సినిమాలో కెమెరా కన్ను, పెళ్ళిచూపుల్లో పదిమంది కళ్ళు, బస్టాండులో వెంటాడే కళ్ళు. చూడబడటం అంటే ఏమిటో మనకి వివరించి చెప్పాల్సిన పనిలేదు. మరి మనమే చూసేవాళ్ళమైనప్పుడు? టిక్కెట్టు కొనుక్కుని, ఒక అద్భుతం ముందు నిలబడి, నోరు తెరిచి ఆనందించే అవకాశం మనకీ దొరికినప్పుడు ఆ ఆనందానికి బాధ్యతంటూ ఏమైనా ఉంటుందా? లేక ఆశ్చర్యం అనేది పసిపిల్లల నవ్వులాంటిదా, దాన్ని ప్రశ్నించడమే తప్పా?

ఈ ప్రశ్నను నేను సముద్రం మీద జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనల దగ్గర పెట్టి చూడదల్చుకున్నాను. సముద్రం ఎవరిదీ కాదు, అందరిదీ అని మనం సులువుగా అనేస్తాం. అలాంటి సముద్రాన్ని కొన్ని నెలలపాటు ఒక ప్రహరీలోకి తెచ్చి, ద్వారం పెట్టి, క్యూ కట్టించి చూపించారు. జపాన్‌లోని ఒకినావాలో 1975లో, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 1998లో, దక్షిణ కొరియాలోని యోసులో 2012లో. మూడింటిలోనూ నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది లిస్బన్.

1998 మే 22 నుంచి సెప్టెంబర్ 30 దాకా జరిగిన ఆ ప్రదర్శన ఇతివృత్తం 'మహాసముద్రాలు, భవిష్యత్తుకు వారసత్వం'. తేజో నది ఒడ్డున నగరానికి తూర్పున, చమురు శుద్ధి కర్మాగారం, పాత గిడ్డంగులు, కబేళా, చెత్తదిబ్బలు ఉన్న నేలను శుభ్రం చేసి అక్కడ ప్రదర్శన కట్టారు. సుమారు కోటిమంది వచ్చారు. నది వెంట గాలిలో సాగే కేబుల్ కార్లు. వీధి పొడుగునా రంగురంగుల పెంకులు తాపిన శంకువులు, ఉన్నట్టుండి నీళ్ళు చిమ్మే 'నీటి అగ్నిపర్వతాలు'. రాత్రిళ్ళు నీటి మీద వెలుగుల నాటకం. అల్వారో సీజా కట్టిన పోర్చుగల్ పెవిలియన్ ముందు రెండు వైపులా స్తంభాల మధ్య ఉయ్యాలగుడ్డలా వేలాడే కాంక్రీటు కప్పు ఉంది. దాని మందం 20 సెంటీమీటర్లే. అంత బరువైన పదార్థం అంత తేలిగ్గా ఎలా వేలాడుతోందా అని కింద నిలబడి చూడటమే ఒక అనుభవం.

అన్నిటికన్నా పెద్ద ఆకర్షణ మహాసముద్రాల పెవిలియన్. ఇప్పుడు దాన్ని ఓషనారియో అంటున్నారు. అమెరికన్ వాస్తుశిల్పి పీటర్ షెర్మాయెఫ్ రూపకల్పన. మధ్యలో 50 లక్షల లీటర్ల తొట్టి. నాలుగు మూలల్లో నాలుగు తీరాలు: ఉత్తర అట్లాంటిక్, అంటార్కిటికా, సమశీతోష్ణ పసిఫిక్, ఉష్ణమండల హిందూ మహాసముద్రం. ఒక మూల పెంగ్విన్లు, ఇంకో మూల మన నీటికుక్కలకి సముద్రపు బంధువులైన సీ ఆటర్లు. మూలల్లోని నీళ్ళకీ మధ్యలోని నీళ్ళకీ నడుమ పారదర్శకమైన ఆక్రిలిక్ గోడలున్నాయి. చూసేవాళ్ళకి ఆ గోడలు తెలియవు. ప్రపంచంలో ఉన్నది ఒకే ఒక్క సముద్రం, అందులో అన్ని జీవులూ కలిసి ఈదుతున్నాయి అనిపిస్తుంది. కట్టినవాళ్ళు చెప్పదల్చుకున్నదీ అదే.

నేను లిస్బన్ వెళ్ళింది ఒక సాహిత్య సదస్సుకి. ప్రదర్శన ముగిసి చాలా ఏళ్ళయింది. నాతోపాటు ఒక మలయాళీ స్నేహితురాలు వచ్చింది. పెద్ద తొట్టి ముందు మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోకుండా నిలబడ్డాం. ఒక సొరచేప, దాని వెనక వెండిరేకుల్లాంటి చేపల గుంపు, అడుగున ఇసుకని తాకుతూ వెళ్ళే టేకు చేప. నాకు కలిగినది స్వచ్ఛమైన సంతోషం, అందులో దాచేదేమీ లేదు. బయటికొచ్చాక ఎదురుగా నదిమీద కనబడే వంతెన పేరు వాస్కో డ గామా. కాస్త దూరంలోని 145 మీటర్ల టవర్ పేరూ వాస్కో డ గామాయే. ఆమె టవర్ వైపు చూసి, "మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి దగ్గర్లోనే దిగాడీయన. ఈయన పేరు ఉన్న చోట మిరీ పేరు కూడా ఉంటే బావుండేది" అంది.

గామా కోళిక్కోడ్ తీరానికి వచ్చింది 1498లో. లిస్బన్ ప్రదర్శనకి ఆ ఏడు ఎంచుకోవడం వెనక అయిదువందల ఏళ్ళ లెక్క ఉంది. రెండోసారి 1502లో వచ్చినప్పుడు మక్కా యాత్రనుంచి తిరిగొస్తున్న మిరీ అనే ఓడను ఆయన నౌకలు మలబారు తీరానికి దూరంగా పట్టుకున్నాయి. ఓడలో వ్యాపారులు, యాత్రికులు, ఆడవాళ్ళు, పిల్లలు. తమ ప్రాణాలకి వెల కడతామన్నారు, గామా ఒప్పుకోలేదు. సరుకు తీసుకుని ఓడను తగలబెట్టించాడు. వందలమంది చనిపోయారు. ఆ నౌకల్లోనే ఉన్న తొమే లోపెష్ ఆ సంఘటన రాసిపెట్టాడు. ఓడమీది ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి పైకెత్తి చూపించారట. కొందరు చంటిబిడ్డల్ని ఎత్తి చూపించారట, వీళ్ళనైనా కనికరించమని. ఇరవైమంది దాకా పిల్లల్ని మాత్రం క్రైస్తవులుగా పెంచడానికి తీసుకెళ్ళారు.

ఇక్కడ చూపు మళ్ళీ వచ్చింది. గామా మనుషులు ఆ ఆడవాళ్ళని చూశారు. చూడలేదని చెప్పడానికి లేదు, చూసినవాడే రాశాడు. చూడటం దయకి దారితీస్తుందని మనం నమ్ముతాం. సముద్రాన్ని చూపిస్తే జనం సముద్రాన్ని ప్రేమిస్తారు, ప్రేమిస్తే కాపాడతారు అన్నది ఇలాంటి ప్రదర్శనలన్నిటి కిందా ఉండే నమ్మకం. మిరీ ఈ నమ్మకాన్ని ఒప్పుకోదు. ఎంత దగ్గరగా చూసినా, ఎదుటివాళ్ళు తమ బిడ్డల్ని చేతుల్లో ఎత్తి చూపించినా, చూసేవాడు తనకి ఏ లెక్కా చెప్పాల్సిన పనిలేదనుకుంటే ఆ చూపువల్ల ఏమీ జరగదు.

అందుకే నాకు 'వారసత్వం' అన్న మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. తెలుగిళ్ళలో ఆడపిల్లలకి ఈ మాట నిఘంటువులోంచి రాదు. 1985 సెప్టెంబర్ నుంచి వర్తించిన ఆంధ్రప్రదేశ్ సవరణ పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. ఆ తర్వాత కొద్దికాలానికే తాతయ్య పొలం అమ్మేటప్పుడు మామయ్యలు మా అమ్మచేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. "పసుపు కుంకుమలు ఇచ్చాం కదా" అన్నారు. అమ్మ పెట్టేసింది. అన్నదమ్ముల గుమ్మం తనకి మూసుకుపోకూడదని పెట్టింది. ఆ పొలం మీద అప్పుందని, దాన్ని తీర్చడానికి తాతయ్య పోయాక అమ్మమ్మ నగలు వెళ్ళాయని ఆ రోజు ఎవరూ ప్రస్తావించలేదు. ఆస్తి లెక్కలోకి వచ్చింది. అప్పు తీర్చినవాళ్ళు లెక్కలోకి రాలేదు.

వారసత్వం అంటే ఆస్తి మాత్రమే కాదు, అప్పు కూడా. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమని మన పాత ధర్మశాస్త్రాలు చెప్పాయి. చట్టంలో ఆ బాధ్యత 2005 సవరణతో పోయింది, మంచిదే. దాని వెనకున్న నైతిక సూత్రాన్ని మాత్రం వదులుకోవడానికి లేదు: పెద్దలు సంపాదించినది నాది అనేవాళ్ళు పెద్దలు బాకీపడ్డదీ నాదే అనాలి. లిస్బన్ ప్రదర్శన సముద్రాన్ని వారసత్వం అంది. ఆ వారసత్వానికి ముఖద్వారంగా గామా పేరు పెట్టుకుంది. ఆస్తి తీసుకుంది. అప్పు మాట?

అప్పు అయిదువందల ఏళ్ళ నాటిది మాత్రమే కాదు. ఆ పెవిలియన్లనీ, దారులతో కలిపి సుమారు 17 కిలోమీటర్లుండే ఆ వంతెననీ కట్టిన కూలీల్లో చాలామంది కేప్ వెర్డీ, అంగోలా, గినీ బిసావుల నుంచి వచ్చిన ఆఫ్రికన్ వలసకార్మికులు. ఒకప్పటి పోర్చుగల్ వలసల బిడ్డలు. గామా పేరున్న వంతెనకి వాళ్ళు సిమెంటు మోశారు. ఆ కూలీల ఇళ్ళల్లో వండిపెట్టి, తెల్లారకముందే లేచి నగరంలోని ఆఫీసులు తుడవడానికి వెళ్ళిన ఆడవాళ్ళకి ఏ పెవిలియనూ లేదు.

ఇతర ప్రదర్శనల నేల కింద కూడా ఇలాంటి నిశ్శబ్దాలే ఉన్నాయి. ఒకినావాలో కియోనోరి కికుతాకే రూపొందించిన ఆక్వాపోలిస్ అనే తేలే నగరం ప్రధాన ఆకర్షణ. అదే దీవిలో ముప్ఫై ఏళ్ళ క్రితం, 1945 యుద్ధంలో, హిమెయురి దళం పేర 222 మంది విద్యార్థినుల్ని, 18 మంది ఉపాధ్యాయుల్ని గుహల్లోని సైనిక ఆసుపత్రుల్లో సేవకి తోలారు. వాళ్ళలో 136 మంది చనిపోయారు. ప్రదర్శన కోసం వచ్చిన యువరాజు దంపతులు 1975 జూలైలో ఆ పిల్లల స్మారకం దగ్గరికి వెళ్ళినప్పుడు వాళ్ళమీద పెట్రోలు బాంబు విసిరారు. తేలే నగరాన్ని 2000లో తుక్కు కింద షాంఘైకి లాక్కుపోయారు. స్మారకం అక్కడే ఉంది. యోసు నగరం 1948 తిరుగుబాటులోనూ దాన్ని అణచడంలోనూ చనిపోయిన వేలమంది గురించి నోరు విప్పడానికి దశాబ్దాలు పట్టింది. నిజనిర్ధారణకి ప్రత్యేక చట్టం వచ్చింది 2021లో, ప్రదర్శన అయిన తొమ్మిదేళ్ళకి.

యోసులో మరో విషయం ఉంది. వీధి పైకప్పు మీద 218 మీటర్ల పొడవున ఎల్‌ఈడీ తెర పరిచి అందులో తిమింగలాన్ని ఈదించారు. వెలుగుతో చేసిన తిమింగలం, దానివల్ల ఎవరికీ నొప్పి లేదు. అదే ప్రదర్శనకి రష్యానుంచి మూడు నిజమైన బెలూగా తిమింగలాల్ని తెచ్చి అక్వేరియంలో పెట్టారు. వాటిలో ఒకటి 2020లో, మరొకటి 2021లో చనిపోయాయి. 'జీవించే సముద్రం, తీరం' అన్నది ఆ ప్రదర్శన ఇతివృత్తం. వెలుగు తిమింగలం చాలకపోవడం ఎందుకు? ఎదుటి ప్రాణి మన కళ్ళముందు, మనకోసం, అక్కడే ఉండాలన్న కోరిక ప్రేమ పేరుతో వస్తుంది. ఇంట్లో బంధించి "నిన్ను రాణిలా చూసుకుంటున్నా కదా" అనే గొంతుని మనం ఎరుగుదుం. లిస్బన్‌లోని రెండు ఆటర్లకి దేశం గర్వించే ఫుట్‌బాల్ ఆటగాడు యుసేబియో పేరు, గాయని అమాలియా పేరు పెట్టుకున్నారు. ముద్దుపేరు పెట్టినంత మాత్రాన గోడ పోదు.

ఇంత చెప్పాక ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. సముద్రం ఎప్పుడూ చూడని పిల్ల ఆ తొట్టి ముందు నిలబడి కళ్ళు విప్పార్చింది. ఆమెకి మిరీ గురించి, కూలీల గురించి లెక్కలు చెప్పి ఆ క్షణాన్ని పాడుచేయాలా? విషంతో నిండిన నేల ఆ ప్రదర్శన పుణ్యమా అని పార్కు అయింది కదా? నిజమే. ఆశ్చర్యం నేరం కాదు. అసలు ఆశ్చర్యం లేకుండా ఏ ప్రశ్నా పుట్టదు. తేడా ఆ తర్వాత ఏం జరుగుతుందన్న దానిలో ఉంది. ఒక ఆశ్చర్యం "అబ్బ!" అని అక్కడితో ఆగి, ఫొటో తీసుకుని, పక్క పెవిలియన్‌కి వెళ్తుంది. ఇంకొకటి "ఇదెలా వచ్చిందిక్కడికి? దీనికి ఎవరేం చెల్లించారు?" అని అడుగుతుంది. పిల్లలు సాధారణంగా రెండోది అడుగుతారు. పెద్దవాళ్ళం చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిపోతాం.

వారసత్వం అన్న మాటని ఇంకోలా వాడిన ఒక స్త్రీని ఇక్కడ తలుచుకోవాలి. ఎలిజబెత్ మాన్ బోర్గీసీ, రచయిత టామస్ మాన్ కూతురు. 1967లో ఆర్విడ్ పార్డో ఐక్యరాజ్యసమితిలో సముద్రగర్భం మానవాళి ఉమ్మడి వారసత్వం అని ప్రతిపాదించాక, ఆ ఆలోచన కోసం ఆమె 2002లో చనిపోయేదాకా పనిచేసింది. 1972లో అంతర్జాతీయ సముద్ర సంస్థను స్థాపించింది. ఆ ఆలోచనలో వారసత్వం అంటే సొంతం చేసుకోలేనిది. కలిసి చూసుకోవాల్సినది, పేద దేశాలతో సహా అందరికీ ఫలం పంచాల్సినది, రాబోయేవాళ్ళకి మిగల్చాల్సినది. తండ్రి ఆస్తి నమూనాకి ఇది పూర్తిగా భిన్నం. ఇందులో పెద్దకొడుకు లేడు, విడుదల పత్రం లేదు. ఉన్నది బాధ్యత మాత్రమే. 1982 సముద్ర చట్టాల ఒప్పందంలోకి ఈ సూత్రం ఎక్కింది. ఆచరణలో ఎంత నలిగిపోయినా అది రాసి ఉంది.

పారదర్శకమైన గోడ ఒక మంచి అబద్ధం చెబుతుంది, మనమంతా ఒకే సముద్రంలో ఉన్నామని. నిజంగా ఒకే సముద్రం కావాలంటే గోడ ఉందని ముందు ఒప్పుకోవాలి. కుటుంబం ఒక్కటే అంటూనే సంతకం పెట్టించుకునే ఇంటికీ ఇదే మాట వర్తిస్తుంది. గోడని చూపించడంవల్ల చేపల అందం తగ్గదు. మిరీ పేరు చెప్పడంవల్ల వంతెన కూలదు. అమ్మమ్మ నగల సంగతి చెబితే పొలం ధరా తగ్గదు. తగ్గేది ఒక్కటే, ఎవరికీ ఏమీ బాకీలేమన్న నిశ్చింత. ఆ నిశ్చింత పోయాక కూడా మిగిలే ఆనందమే మనకి హక్కున్న ఆనందమని నేననుకుంటున్నాను.