వినిపించువాని ధర్మము

బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో నిట్టూరు, ఉదేగోళము అను రెండు గ్రామములయందు మౌర్యచక్రవర్తి అశోకుని లఘుశిలాశాసనములు గలవు. ఆ రాజు పేరు స్పష్టముగా చెక్కబడియున్న బహుకొద్ది శాసనములలో ఇవియు చేరినవి. వీనిని, ఈ సీమకు పొరుగుననే యున్న కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీది పాఠముతో సరిచూచి చదివినవారికి ఒక విశేషము తోపకమానదు. రాజు తన ధర్మవాక్యమును రాతిమీద వ్రాయించి, ఇక చదువుకొనువారు చదువుకొందురుగాక యని ఊరకుండలేదు. రజ్జుకుడను అధికారి భేరి మ్రోయించి జానపదులకు దానిని వినిపింపవలెననెను. ఏనుగులను నడపువారును, లేఖకులును, బ్రాహ్మణులును తమతమ శిష్యులకు తమతమ సంప్రదాయమునకు తగినట్లు బోధింపవలెననెను. వాక్యమొక్కటే, దానిని మోసికొనిపోవు దారులు మాత్రము అనేకములు. రెండువేల రెండువందల యేండ్లు దాటిన ఆ యాజ్ఞ, నేడు చేతిఫోను ముందు దిక్కుతోచక నిలిచిన మన రేడియోవారి ప్రశ్నకు సగము సమాధానమని నా తలంపు.

ఆ ప్రశ్న యేమి? నిన్నమొన్నటిదాక కేంద్రమువారు నిర్ణయించిన వేళకు, కేంద్రమువారు నిర్ణయించిన విషయమును, ఎక్కడెక్కడివారో ఒక్కసారిగా వినెడివారు. నేటి శ్రోత తనకు తీరికయైనపుడు, తనకు రుచించినదానిని, తనకు రుచించినంతసేపు మాత్రమే వినుచున్నాడు. కనుక ప్రసారకర్తలు మారవలెనని యెల్లవారును చెప్పుచున్నారు. ఏ యంత్రము కొనవలెను, ఏ యాప్ పెట్టవలెను అన్నది ఇంజనీర్లు తేల్చుకొందురు. దానిలో మనకు పని లేదు. దేనిని మార్చవచ్చును, దేనిని మార్చరాదు అన్నది మాత్రము ధర్మవిచారమునకు చెందినది; దానిని ఇంజనీర్లకు విడిచిపెట్టుట న్యాయము కాదు.

ఆకాశవాణి తన ధ్యేయవాక్యముగా ‘బహుజన హితాయ, బహుజన సుఖాయ’ అను మాటలను స్వీకరించినది. బుద్ధభగవానుడు తొలి శిష్యులైన అరువదిమంది భిక్షువులను లోకములోనికి పంపునపుడు పలికినవిగా వినయపిటకము ఈ మాటలను చెప్పుచున్నది. ఆ సందర్భముననే ఆయన మఱియొక యాదేశము చేసెను: ఇద్దరు కలిసి ఒకే దారిన పోవలదని. మన సంస్థ ధ్యేయమును గ్రహించి, దానికి అంటియున్న ఆదేశమును చాలకాలము మఱచినది. ఊరి వెలుపల స్తంభమొకటి నాటి, భిక్షువులనందఱిని ఆ యొక్క దారినే నడిపించి, శ్రోతయే వేళకు వచ్చి పెట్టె ముందు కూర్చుండునని నమ్మియుండెను. అట్లు కూర్చుండిన దినములును ఉండెను గనుక ఆ నమ్మకమును తప్పుపట్టుటకు వీలులేదు.

ఈ బళ్లారి సీమకు ఆ దినములు విశేషముగా జ్ఞాపకముండవలెను. 1800లో నిజాము కుంఫిణీకి వదలుకొనిన దత్తమండలములలో ఇది చేరినది. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ మొదలగువారు తెలుగు నాటకమునకు పుట్టినిల్లుగా చేసిన పట్టణమిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారితో గూడ తక్కినవి మైసూరునకును పోయినవి. కచేరీలను, పాఠశాలలను, పన్నులను గీతకు అటునిటు పంచగలిగిరిగాని గాలిని పంచలేకపోయిరి. మీడియంవేవ్ తరంగము పగలు నేలనంటి ప్రాకును, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట అయనమండలమును తాకి వందలమైళ్ల యవతల దిగును. కావుననే 1948లో విజయవాడయందును, 1950లో ధారవాడయందును, 1963లో కడపయందును వెలసిన కేంద్రములు ఏ రాష్ట్రమువారి పెట్టెలో నెవరు పలుకవలెనని ఎవ్వరిని అడుగకయే పలికినవి. ఉషశ్రీగారి రామాయణ భారత ప్రవచనములకును, భద్రాచల సీతారామకల్యాణ వ్యాఖ్యానమునకును హద్దురాయి అడ్డము రాలేదు. పిదప హోసపేటకును, అనంతపురమునకును ఎఫ్.ఎం. కేంద్రములు వచ్చినవి. ధ్వని నిర్మలమైనది, రాజ్యము చిన్నదైనది; ఎఫ్.ఎం. తరంగము స్తంభమునకు కనుచూపు మేరయందే నిలిచిపోవును. ఇప్పుడు ఫోను వచ్చి రాజ్యమును మరల లోకమంత చేసినది. విజయవాడయు, ధారవాడయు, ఢిల్లీయు ప్రసారభారతివారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఒక్కచోటనే చేరియున్నవి.

అయినను వీని నడుమ ఒక భేదమున్నది. ఆనాటి స్వరము పిలువకయే ఇంటికి వచ్చెడిది. నేటి స్వరము వెదకిన గాని రాదు. సినిమాపాట కొఱకు పెట్టె త్రిప్పినవాని చెవిని, పాటకు ముందు రైతుల కార్యక్రమమో, పురాణమో, పొరుగుభాషలోని వచనమో తాకెడిది. బళ్లారి తెలుగువానికి బసవన్న పరిచయమగుటకును, కన్నడిగునకు త్యాగరాజు దగ్గరయగుటకును ఇట్టి కోరని వినికిడియే కొంత కారణము. ఫోనులోని గణితము అట్లు చేయదు. నీవు నిన్న విన్నదానివంటిదే నేడు నీ ముందు పెట్టును. కఠోపనిషత్తున యముడు నచికేతునకు శ్రేయస్సు వేఱు, ప్రేయస్సు వేఱు అని విడదీసి చెప్పినాడు. ఈ గణితమునకు ప్రేయస్సు తప్ప మఱియొకటి కలదని తెలియదు. శ్రోతల సంఖ్యయే ఫలమని నమ్మి ఆ గణితమునకు దాసుడగు ప్రసారకర్త హితమును విడిచి సుఖమును మాత్రము పట్టుకొనినవాడగుచున్నాడు.

ఇంతమాత్రమున శ్రేయస్సు పేరిట శ్రోతను దండించు అధికారము ఎవ్వరికిని లేదు. మన దేశమున ఆ ప్రయోగము జరిగియే యున్నది. 1952లో సమాచార ప్రసారశాఖ మంత్రియైన బి.వి. కేస్కర్‌గారు శాస్త్రీయ సంగీతాభిమానముచే ఆకాశవాణినుండి సినిమాపాటలను వెడలగొట్టిరి. జనులు రాగాలాపనలు విని తరించిరా? ముల్లు త్రిప్పి రేడియో సిలోన్ వినిరి. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతిని స్థాపించి, పోయిన పాటను ప్రభుత్వమే మరల పిలిపించుకొనవలసివచ్చెను. మంత్రిగారి యభిరుచియందు లోపము లేదు. వినువాడు స్వతంత్రుడన్న సంగతి వారికి తోపలేదు, అంతియే. నాడు ముల్లు త్రిప్పిన చేయియే నేడు తెరమీద వ్రేలు కదుపుచున్నది. కాబట్టి మారుచున్న శ్రోత రేడియోవారికి క్రొత్తవాడు కాడు; ఆ విద్యను ఒకసారి నేర్చి మఱచిన వారికి జ్ఞాపకము చేయుటయే మిగిలియున్నది.

మతసంబంధమైన చిక్కు ఒకటి ఇచట వచ్చును. శ్రవణమునకు కాలనియమము గలదా? భద్రాచలమున అభిజిల్లగ్నమున జీలకఱ్ఱ బెల్లము పెట్టుచున్న క్షణమున వ్యాఖ్యాత స్వరము విని, ఎక్కడివారక్కడనే నమస్కరించు ఆచారము తెలుగిండ్లలో నుండెను. అంతర్జాలమున వచ్చు ప్రసారము గాలిలో వచ్చుదానికంటె కొంత వెనుకబడి చేరును. రేడియోను, ఫోనును ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి ఇది తెలియును. ఆ జాప్యముచే పుణ్యము తఱుగునా యని శంకించువారు గలరు. పంచాంగకర్తలలోనే తిథులకు గడియల తేడాలున్న దేశమున ఇది పెద్ద దోషము కాదని నేననుకొందును. మఱి మఱునాడో, మఱునెలలోనో తీరికగా వినినచో? అది కల్యాణశ్రవణము కాదనుట సత్యము. వ్యర్థమనుట మాత్రము అసత్యము. వేదాంతులు శ్రవణమునకు పిమ్మట మననమును, నిదిధ్యాసనమును చెప్పిరి. పాతరేడియో మనకు శ్రవణము నిచ్చెనుగాని మననమునకు తావీయలేదు. చెవిదాటిన మాట గాలిలో కలిసిపోయెడిది, ఇంకొకమారు చెప్పుడని అడుగుటకు వీలులేదు. భద్రపఱచిన ధ్వని ఆ లోటును తీర్చుచున్నది. ఆపి, వెనుకకు పోయి, మరల వినగలుగుట మననమునకు కావలసిన సాధనమే. అయితే అందఱితో కలిసి ఒక్క వేళ వినుటలో, ఈ క్షణమున నావలె మఱికొందఱును వినుచున్నారన్న యెఱుకలో, ఒక సంఘము పుట్టుచుండెను. దానిని ఏ భాండారమును ఇయ్యజాలదు. ప్రత్యక్షప్రసారమును విడిచి పెట్టెలనిండ ధ్వనిముద్రికలను మాత్రము నింపుకొను కేంద్రము గ్రంథాలయమగునేకాని రేడియో కానేరదు.

రూపము మార్చుకొనుటకు సిగ్గుపడువారికి ఈ జిల్లాయే గురుస్థానము చూపుచున్నది. సండూరు తాలూకా దరోజి గ్రామమునకు చెందిన బుఱ్ఱకథ ఈరమ్మ 2014లో కీర్తిశేషురాలయ్యెను. ఇంట తెలుగు మాటాడు బుడగజంగముల కులమున పుట్టి, అక్షరము నేరకయే, కుమారరాముని కథవంటి మహాకథలను కన్నడమున తెల్లవార్లు గానము చేసిన విదుషి ఆమె. ఎదుట కూర్చున్నవారి భాష ఏది, ఓపిక యెంత, ఊరేది యన్నదానినిబట్టి కథను సాగదీయుటయు, కుదించుటయు ఇట్టి గాయకుల విద్య. కథ మాత్రము చెడదు. రాత్రియంత పాడు కథను పదినిమిషములకు తగ్గించుట అపచారమని వాదించు పండితులు, ఫోనులో వినువాడు బస్సులో నున్నాడని, వినునామె రొట్టెలు కాల్చుచున్నదని గ్రహింపవలెను.

ఇంకొక్కమాట. 1995లో సుప్రీముకోర్టు వాయుతరంగములు ప్రజల సొత్తని తీర్పుచెప్పినది. ఆ తీర్పును నిజము చేసి చూపినవారు మెదకు సీమలోని మాచనూరు దళిత స్త్రీలు. 2008లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పక్షమున వారు సంఘం రేడియోను నెలకొల్పి తమ పంటలను, పాటలను తమ యాసలోనే ప్రసారము చేసిరి. అశోకుని ఆజ్ఞలో ఏనుగుల మావటీడును ఉపదేశకుడే యన్నది జ్ఞప్తి యున్నవారికి ఇది వింతగా తోపదు.

కావున హోసపేట, అనంతపురము కేంద్రముల పెద్దలకు నా విన్నపమిది: సరిహద్దునకు అటునిటు గల మీరిరువురును కలిసి వారమున కొకమారైన ఒక అరగంట, సగము కన్నడమునను సగము తెలుగునను, నిర్ణీతవేళకు గాలిలో వినిపింపుడు, దానినే పిమ్మట చిన్నచిన్న భాగములుగా విభజించి ఫోనులోను ఉంచుడు, అందు దరోజి గాయకులకు, సిరుగుప్ప వరిరైతులకు, మఠములవారికి, మసీదులవారికి చోటిండు. పాఠకులారా, అట్టిది కావలెనని మీరును ఆ కేంద్రములకు ఉత్తరము వ్రాయుడు. ఏ లిపిలో వ్రాసినను ఆ యూళ్లలో దానిని చదువగలవారున్నారు.